దాఖలు చేయని రిటర్నులు, దాచిపెట్టిన నోటీసులు

అప్పుల సంగతి ఊరంతటికీ తెలిసినా తట్టుకోగల మనిషి, ఆదాయపు పన్ను శాఖ నుండి ఉత్తరం వచ్చిందంటే ఇంట్లో భార్యకు కూడా చెప్పడు. ఆ కవరు బీరువాలో పట్టాదారు పాసుపుస్తకాల కిందికి చేరుతుంది. ఫోనుకు వచ్చిన మెసేజి చదవకముందే చెరిగిపోతుంది. ప్రార్థన కూడికల్లో పిల్లల చదువుల కొరకు, ఆరోగ్యం కొరకు, వానల కొరకు ప్రార్థించమంటారు గాని, "పన్ను నోటీసు వచ్చింది, ప్రార్థించండి" అని అడిగినవారిని మేము ఇంతవరకు చూడలేదు. సువార్తల్లో సుంకరుల గూర్చి చిన్నప్పటి నుండి వింటూ పెరిగాం గనుక పన్ను అధికారి అంటే మనలో కొంత భయం, కొంత చిన్నచూపు కలిసి ఉన్నాయేమో. కారణమేదైనా ఆ మౌనానికి ఖరీదు ఉంది. అది నెలనెలా పెరుగుతుంది.

రిటర్ను వేయకుండా గడిచిపోయిన సంవత్సరాలకు చట్టంలో దారులున్నాయి. ఒక్కొక్క దారికి ఒక గడువు, ఒక వెల. ముందుగా కదిలినవారికి తక్కువ పడుతుంది, ఆలస్యం చేసినవారికి ఎక్కువ పడుతుంది. భయపడుతున్న వారిలో కొందరికి అసలు కట్టవలసిన పన్నే ఉండదు. కొందరికైతే ప్రభుత్వమే తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. కాగితాలు బయటికి తీయకుండా మీరు ఏ గుంపులో ఉన్నారో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పల్లెటూరివాళ్లకు పన్నేమిటి?

ఈ మాట మనం తరచుగా వింటాం. అందులో సగం నిజముంది. వరి, మిరప, పత్తి, మామిడి, ఏ పంటైనా సరే, వ్యవసాయ ఆదాయం మీద కేంద్ర ప్రభుత్వ ఆదాయపు పన్ను లేదు. పొలం కౌలుకిచ్చి, ఆ పొలంలో సేద్యం జరుగుతూ ఉంటే ఆ కౌలు డబ్బుకు కూడా పన్ను లేదు. పంటతో పాటు జీతమో, వ్యాపారమో ఉన్నవారు మాత్రం పంట ఆదాయాన్ని రిటర్నులో చూపవలసి ఉంటుంది. దాని మీద పన్ను వేయరు గాని, మిగతా ఆదాయం మీద రేటు లెక్కకట్టేటప్పుడు దాన్ని కలుపుకుంటారు.

చిక్కు వచ్చేది మిగతా సగంలో. గోదావరి, కృష్ణా జిల్లాల్లో వరి పొలాలు చెరువులైపోయాయి. రొయ్యల మీద, చేపల మీద వచ్చే ఆదాయం చట్టం దృష్టిలో వ్యవసాయం కాదు, వ్యాపారం. పాసుపుస్తకంలో అది పొలమే గదా అంటే కుదరదు. మన పొలాన్ని చెరువు కొరకు లీజుకిస్తే వచ్చే డబ్బుకు కూడా పంట కౌలుకు ఉన్న మినహాయింపు వర్తించదు, ఎందుకంటే ఆ భూమిలో సేద్యం జరగడం లేదు. కోళ్ల ఫారం, పాడి వ్యాపారం సంగతీ అంతే. తండ్రి వరి పండించినన్నాళ్లు పన్ను మాట ఎరుగని కుటుంబం, కొడుకు చెరువు తవ్వించిన నాటి నుండి రిటర్ను వేయవలసిన కుటుంబమైపోతుంది. ఆ మార్పును ఎవరూ ఇంటికి వచ్చి చెప్పరు.

భూమి అమ్మకంలో కూడా ఇలాంటి తేడా ఉంది. పల్లెలో ఉన్న సాగుభూమి అమ్మితే లాభం మీద పన్ను లేదు. కాని పల్లె అంటే ఏది? పదివేలకు మించి, లక్షకు మించని జనాభా ఉన్న మునిసిపాలిటీ పొలిమేర నుండి 2 కిలోమీటర్ల లోపు భూమి, పది లక్షల వరకు జనాభా ఉన్న ఊరికైతే 6 కిలోమీటర్ల లోపు, అంతకు మించిన నగరానికైతే 8 కిలోమీటర్ల లోపు భూమి ఈ మినహాయింపులోకి రాదు. రోడ్డు వెంట కాదు, తిన్నగా గాలిలో కొలుస్తారు. ఇళ్ల స్థలానికైతే ఏ ఊళ్లో ఉన్నా ఈ మినహాయింపు లేదు.

రోడ్డు కొరకో, కాలువ కొరకో ప్రభుత్వం తీసుకున్న భూమికి 2013 భూసేకరణ చట్టం కింద ఇచ్చే పరిహారానికి ఆదాయపు పన్ను లేదు. అమరావతి భూసమీకరణలో 2014 జూన్ 2 నాటికి భూమి సొంతదారులై ఉన్నవారికి ఆ భూమి మార్పిడి లాభం మీద ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. అయితే పరిహారం ఆలస్యమైనందుకు, లేదా కోర్టు దాన్ని పెంచినందుకు వచ్చే వడ్డీ వేరు. చట్టం ప్రకారం అందులో సగం మినహాయించి, మిగిలిన సగాన్ని డబ్బు చేతికి వచ్చిన సంవత్సరపు ఆదాయంగా లెక్కిస్తారు. పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి పెద్ద మొత్తం తెచ్చుకున్న రైతు, ఆ మరుసటి ఏడు వచ్చే నోటీసు చూసి ఆశ్చర్యపోయేది ఇక్కడే.

ఇక పింఛన్లు, డిపాజిట్లు. రిటైరైన టీచర్లు, రైల్వే, ఆర్.టి.సి., కరెంటు ఆఫీసు ఉద్యోగులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. పింఛను కూడా జీతం లాంటి ఆదాయమే. భర్త పోయిన తరువాత భార్యకు వచ్చే కుటుంబ పింఛను కూడా ఆదాయమే, కొంత మినహాయింపు మాత్రం ఉంటుంది. కువైట్‌లోనో దుబాయిలోనో ఉన్న కొడుకు అమ్మానాన్నల ఖాతాలో వేసే డబ్బుకు పన్ను లేదు. కాని ఆ డబ్బును తండ్రి తన పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే, దాని మీద వడ్డీ తండ్రి ఆదాయమవుతుంది. "డబ్బు మావాడిది గదా" అనేది సమాధానం కాదు.

12 లక్షల మాట

12 లక్షల దాకా పన్ను లేదని 2025 బడ్జెట్ తరువాత అందరి నోటా వినబడింది. అది 2025-26 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త పన్ను పద్ధతిలో ఇచ్చిన రాయితీ. ఆ మాట విని రిటర్ను మానేసినవారు రెండు విషయాలు గమనించాలి.

ఒకటి, పన్ను లేకపోవడం వేరు, రిటర్ను వేయనవసరం లేకపోవడం వేరు. ఆదాయం 4 లక్షలు దాటితే, రాయితీ వలన పన్ను సున్నా అయినా రిటర్ను వేయాలి. రెండు, పాత సంవత్సరాలకు ఆ 12 లక్షలు వర్తించవు. 2023-24, 2024-25 ఆర్థిక సంవత్సరాలకు కొత్త పద్ధతిలో ఆ హద్దు 7 లక్షలు. అంతకుముందు, 2019-20 నుండి 2022-23 వరకు, 5 లక్షలే. ఏ సంవత్సరపు ఆదాయానికి ఆ సంవత్సరపు కొలతే. పైగా భూమి, షేర్ల వంటివి అమ్మిన లాభానికి ప్రత్యేక రేటు పడితే, దానికి కొత్త పద్ధతిలోని ఈ రాయితీ అక్కరకు రాదు.

ఆదాయం ఎంత తక్కువైనా కొందరు రిటర్ను వేయక తప్పదు. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదిలో 50 లక్షలు లేక అంతకంటే ఎక్కువ జమ అయినవారు, కరెంటు బిల్లు ఏడాదికి లక్ష దాటినవారు, విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు మించి ఖర్చుపెట్టినవారు అందులో ఉన్నారు. పిల్లలను చూడటానికి అమెరికా వెళ్లివచ్చే తల్లిదండ్రులు టిక్కెట్ల ఖర్చు ఒకసారి లెక్కవేసుకోవాలి. 75 ఏళ్లు దాటి, పింఛనూ వడ్డీ ఒకే బ్యాంకులో వస్తూ, వేరే ఆదాయం లేనివారికి మాత్రం ఒక సౌకర్యం ఉంది. అందుకు అర్హమైన బ్యాంకులో డిక్లరేషన్ ఇస్తే పన్ను బ్యాంకే లెక్కకట్టి కోసుకుంటుంది, రిటర్ను అవసరం ఉండదు.

వారికెలా తెలుస్తుంది?

ఎవరో కిట్టనివారు రాసి ఉంటారని ఊళ్లో అనుకుంటారు. ఆ అవసరం లేదు. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదిలో 10 లక్షలు లేదా అంతకు మించి నగదు వేస్తే బ్యాంకు తెలుపుతుంది. 30 లక్షలు, ఆ పైన విలువగల స్థిరాస్తి చేతులు మారితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు తెలుపుతుంది. వడ్డీ, డివిడెండు, కోసిన పన్ను, అన్నీ పాన్ నంబరు కింద చేరుతాయి. 2021 నవంబరు నుండి ఆ వివరాలు వార్షిక సమాచార నివేదిక అనే పేరుతో, అంటే ఏఐఎస్‌గా, ఆదాయపు పన్ను వెబ్‌సైటులో మనకు కూడా కనబడుతున్నాయి. కాబట్టి రిటర్ను వేయని సంవత్సరాల గూర్చి చేయవలసిన మొదటి పని, ఒక్కొక్క సంవత్సరానికీ ఆ నివేదిక తీయించుకుని చదవడం. అందులో తప్పులుంటే, అంటే మీది కాని లావాదేవీ మీ పేరున ఉంటే, అక్కడే అభ్యంతరం తెలపవచ్చు.

మనకే రావలసిన డబ్బు

భర్త పోయాక వచ్చిన డబ్బును బ్యాంకులో వేసుకుని దాని వడ్డీతో బ్రతికే తల్లులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. 2025 ఏప్రిల్ నుండి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి 50,000 దాటితే, 60 ఏళ్లు నిండినవారికైతే లక్ష దాటితే, బ్యాంకు 10 శాతం పన్ను కోస్తుంది. అంతకుముందు ఆ హద్దులు ఇంకా తక్కువ. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. అలాంటి తల్లికి మొత్తం ఆదాయం మీద పన్నే పడకపోవచ్చు. అయినా కోసిన డబ్బు దానంతట అది తిరిగి రాదు, రిటర్ను వేసి అడిగితేనే వస్తుంది. పన్ను పడని ఆదాయమని ముందుగానే బ్యాంకులో డిక్లరేషన్ ఇచ్చి ఉంటే కోత లేకుండానే పోయేది.

గడువు దాటిన సంవత్సరాల రీఫండు పోయినట్టేనా? పోలేదు గాని దారి ఇరుకు. మదింపు సంవత్సరం ముగిసిన నాటి నుండి 5 సంవత్సరాల లోపు, ఆలస్యాన్ని మన్నించమని కారణం చూపుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 అక్టోబరు 1న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులరు ప్రకారం కోటి రూపాయల లోపు కోరికలను ప్రిన్సిపల్ కమిషనరు స్థాయిలోనే తేలుస్తారు. అనారోగ్యం, కుటుంబంలో మరణం వంటి నిజమైన కారణాలకు ఆధారం జతచేయాలి. అనుమతి వస్తే అసలు సొమ్ము వస్తుంది, ఆలస్యంగా అడిగిన దాని మీద వడ్డీ ఇవ్వరు. పాన్, ఆధార్ జతపడని వారికి 2023 జూలై 1 నుండి పాన్ పనిచేయకుండా పోయింది. అది సరిచేసుకుంటేగాని ఏ రీఫండూ రాదు.

పోయిన సంవత్సరాలకు దారులు, వాటి వెల

లెక్క అర్థం కావాలంటే ఒక మాట తెలియాలి. ఏప్రిల్ నుండి మార్చి వరకు సంపాదించిన ఏడాదిని ఆర్థిక సంవత్సరమనీ, దాని తరువాతి ఏడాదిని మదింపు సంవత్సరమనీ అంటారు. 1961 నాటి చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి మొదలయ్యే ఆదాయానికి వర్తిస్తుంది. అంతకుముందు సంవత్సరాల బకాయిలు పాత చట్టం ప్రకారమే తేలుతాయి. కనుక ఈ పాత మాటలతో మనకు ఇంకా కొన్నేళ్లు పని ఉంది.

జీతం, పింఛను ఉన్నవారికి మామూలు గడువు మదింపు సంవత్సరంలో జూలై 31. అది దాటితే డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను వేయవచ్చు. ఆదాయం 5 లక్షలు మించితే 5,000 రూపాయలు, మించకపోతే 1,000 రూపాయల రుసుం. పన్ను పడే హద్దు కంటే ఆదాయం తక్కువైతే మామూలుగా ఆ రుసుం కూడా లేదు. పన్ను బాకీ ఉంటే నెలకు 1 శాతం వడ్డీ, నెలలో ఒక్కరోజు గడిచినా పూర్తి నెల కింద లెక్క. సంవత్సరంలో కట్టవలసిన పన్ను పదివేలు, ఆ పైన ఉండి ముందస్తు పన్ను కట్టకపోతే దానికి మరో 1 శాతం. 60 ఏళ్లు దాటి వ్యాపారం లేనివారికి ఈ రెండవది ఉండదు.

డిసెంబరు 31 కూడా దాటిపోయిందా? 2022 వరకు అక్కడితో మన వైపు నుండి తలుపు మూసుకుపోయేది. ఆ సంవత్సరం నుండి అప్‌డేటెడ్ రిటర్ను అనే పద్ధతి వచ్చింది. మొదట రెండేళ్లు గడువు ఇచ్చారు, 2025 ఏప్రిల్ నుండి దాన్ని నాలుగేళ్లు చేశారు. మదింపు సంవత్సరం ముగిసిన మొదటి 12 నెలల్లో వేస్తే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద 25 శాతం అదనం. రెండవ ఏట 50 శాతం, మూడవ ఏట 60, నాలుగవ ఏట 70.

ఒక లెక్క చూద్దాం. పన్నూ వడ్డీ కలిపి 40,000 బాకీ ఉన్న మనిషి మొదటి ఏట వెళితే అదనంగా 10,000 కడతాడు. రెండవ ఏట 20,000, మూడవ ఏట 24,000, నాలుగవ ఏట 28,000. మధ్యలో వడ్డీ కూడా పెరుగుతుంది గనుక నిజానికి ఇంకా ఎక్కువే అవుతుంది. మార్చి 31 సాయంత్రానికీ ఏప్రిల్ 1 ఉదయానికీ మధ్య పదివేలు తేడా రావచ్చు. 2022-23లో సంపాదించిన ఆదాయాన్నే తీసుకోండి. దాని మదింపు సంవత్సరం 2024 మార్చి 31తో ముగిసింది. కనుక ఈ దారి 2028 మార్చి 31 వరకు తెరిచి ఉంటుంది, కాని చివరి ఏడాది వెల 70 శాతం.

ఈ రిటర్నుతో రీఫండు అడగడానికి వీలులేదు, నష్టం చూపడానికి వీలులేదు. పన్ను, వడ్డీ, రుసుం, అదనం మొత్తం ముందే కట్టి వేయాలి, వాయిదాలు లేవు. ఆ సంవత్సరపు లెక్కను అధికారులు తిరగదోడడం మొదలుపెట్టాక ఈ దారి మూసుకుపోతుంది, లేదా ఇంకా ఖరీదవుతుంది. అందుచేత నోటీసు వచ్చాక చూద్దాం అనుకోవడం మంచి లెక్క కాదని మా అభిప్రాయం. 1997లో వచ్చిన స్వచ్ఛంద ఆదాయ ప్రకటన పథకం వంటిది మళ్లీ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నవారిని కూడా ఎరుగుదుము. వారి వడ్డీ మాత్రం ఎదురుచూడదు.

అంతకంటే పాత సంవత్సరాలకు మనంతట మనం రిటర్ను వేసే వీలులేదు. 2024 సెప్టెంబరు నుండి ఉన్న నియమం ప్రకారం, తప్పిపోయిన ఆదాయం 50 లక్షల లోపైతే మదింపు సంవత్సరం ముగిసిన 3 సంవత్సరాల 3 నెలల వరకే దాన్ని తిరగదోడే నోటీసు ఇవ్వగలరు. 50 లక్షలు, ఆ పైనైతే 5 సంవత్సరాల 3 నెలలు. కనుక ఎప్పుడో 15 ఏళ్ల కిందట వేయని రిటర్ను కొరకు రాత్రులు నిద్ర మానుకోనక్కరలేదు.

జైలు భయం గూర్చి ఒక మాట. కావాలని రిటర్ను ఎగవేసినవారికి చట్టంలో జైలు శిక్ష ఉన్న మాట నిజం. కాని పాత చట్టంలోనే, బాకీ పన్ను పదివేలు మించని వ్యక్తి మీద రిటర్ను వేయనందుకు ప్రాసిక్యూషన్ లేదు. తనంతట తాను వచ్చి కట్టినవారి జోలికి వెళ్లడం కంటే, నోటీసు మీద నోటీసు పంపినా పలకనివారి మీదకు వెళ్లడమే సహజం.

నోటీసు వస్తే

ముందు అది నిజమైనదో కాదో చూడాలి. 2019 అక్టోబరు 1 నుండి శాఖ పంపే నోటీసుల మీద డాక్యుమెంట్ గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను శాఖ వెబ్‌సైటులో కొట్టి సరిచూసుకోవచ్చు, అందుకు లాగిన్ కూడా అక్కరలేదు. ఫోను చేసి, వెంటనే డబ్బు పంపకపోతే అరెస్టు చేస్తామని బెదిరించేవారు మోసగాళ్లు. ఓటీపీ, బ్యాంకు వివరాలు ఎవరు అడిగినా చెప్పవద్దు.

నిజమైనదైతే, అది ఏ రకమో చదవాలి. కొన్ని కేవలం అడుగుతాయి: మీకు ఇంత వడ్డీ వచ్చినట్టు ఉంది, రిటర్ను ఎందుకు వేయలేదు అని. మీ ఆదాయం పంటదే అయితే, పాసుపుస్తకం, అమ్మకపు చీటీలు జతచేసి ఆ మాటే రాయండి. కొన్ని రిటర్ను వేయమని ఆదేశిస్తాయి. వీటికి గడువులోగా పలకకపోతే పదివేల రూపాయల జరిమానా పడవచ్చు. ఆపైన అధికారి తన దగ్గరున్న సమాచారంతోనే పన్ను నిర్ణయిస్తారు. ఖాతాలో పడ్డ నగదంతా ఆదాయమే అన్న లెక్క అప్పుడు వస్తుంది. ఆ ఏడు అమ్మిన ధాన్యం డబ్బు, తమ్ముడు తిరిగి ఇచ్చిన అప్పు, చిట్టీ పాట డబ్బు, ఏదీ ఆ అధికారికి తెలిసే వీలులేదు. చెప్పవలసినది మనమే. తక్కువ చూపిన ఆదాయం మీద పన్నుకు 50 శాతం, తప్పుడు వివరాలిస్తే 200 శాతం జరిమానా వేసే అధికారం కూడా ఉంది.

డిమాండు నోటీసైతే 30 రోజుల్లో కట్టాలి, ఆ తరువాత నెలకు 1 శాతం వడ్డీ. కాని గుడ్డిగా కట్టవద్దు. బ్యాంకు కోసిన పన్ను లెక్కలో చేరకపోవడం వలన వచ్చే డిమాండ్లు చాలా ఉంటాయి, అవి సవరణ కోరితే పోతాయి. లెక్కే ఒప్పుకోలేమంటే 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లాలి.

బాకీ నిజమే, చేతిలో డబ్బు లేదు అన్నప్పుడు ఏం చేయాలి? అధికారికి రాసి గడువు పెంచమని, లేదా వాయిదాల్లో కట్టనిమ్మని కోరవచ్చు. ఆ అధికారం చట్టం వారికి ఇచ్చింది. పంట ఎప్పుడు వస్తుందో, పింఛను ఎంతో, ఏ నెల ఎంత కట్టగలరో కాగితం మీద పెట్టి, తోచినంత మొదటి వాయిదా కట్టి అడిగితే ఆ విన్నపానికి బరువుంటుంది. ఒప్పుకున్న వాయిదా తప్పవద్దు. పలకకుండా ఉంటే బ్యాంకు ఖాతా జప్తు వరకు వెళుతుంది, ఆ సంగతి తెలిసేది ఏటీఎం దగ్గర.

పాత చిన్న డిమాండ్లు ఉన్నవారికి ఒక మంచి వార్త. 2009-10 వరకు ఉన్న 25,000 లోపు డిమాండ్లను, 2010-11 నుండి 2014-15 వరకు ఉన్న పదివేల లోపు డిమాండ్లను, మనిషికి మొత్తం లక్ష మించకుండా, 2024లో ప్రభుత్వం రద్దు చేసింది. మీ పేరున ఉన్నది పోయిందో లేదో వెబ్‌సైటులో చూసుకోండి.

చనిపోయినవారి పేరున

నాన్నగారు పోయి రెండేళ్లయింది, ఆయన పేరున నోటీసు వచ్చింది. ఏం చేయాలో తెలియక చాలా కుటుంబాలు దాన్ని చింపేస్తాయి. అలా చేయకండి. మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇద్దరి పాన్ కార్డులతో వారసుల్లో ఒకరు వెబ్‌సైటులో చట్టబద్ధ వారసులుగా నమోదు కావాలి. ఆపైన ఆయన ఆఖరి సంవత్సరపు రిటర్ను వేయవచ్చు, రావలసిన రీఫండు అడగవచ్చు, నోటీసుకు జవాబివ్వవచ్చు. తండ్రి పన్ను బాకీకి పిల్లల బాధ్యత ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే. ఏమీ వదలకుండా పోయిన తండ్రి బాకీని కొడుకు తన కష్టార్జితంతో తీర్చనక్కరలేదు. అన్నదమ్ములు ఆస్తి పంచుకోకముందే ఈ పని ముగిస్తే తరువాతి మాటపట్టింపులు తప్పుతాయి.

సంఘం, కానుకలు, ఏజెంట్లు

సంఘం పాస్టరుగారికి ఇచ్చే జీతం కూడా ఆదాయమే. సేవకు పన్నేమిటని కొందరంటారు. ప్రభుత్వ సహాయం పొందే స్కూళ్లలో పనిచేసే కతోలిక సన్యాసినులు, ఫాదర్లు తమ జీతాన్ని మఠానికే ఇచ్చివేస్తున్నామని వాదించినా, ఆ జీతంలో పన్ను కోయవలసిందేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. సంఘ కోశాధికారులు పాస్టరుగారికి ఏడాది చివర జీతం వివరం రాసి ఇస్తే ఆయనకు ఎంతో మేలు చేసినవారవుతారు.

దశమభాగం, కానుకల రసీదులు చూపి పన్ను తగ్గించుకోవచ్చని ఎవరైనా చెబితే జాగ్రత్త. 80జి అనుమతి ఉన్న సంస్థకు ఇచ్చినదానికే, అదీ పాత పన్ను పద్ధతిలోనే, ఆ తగ్గింపు ఉంది. కేవలం ఆరాధన నిమిత్తం నడిచే సంఘానికి ఇచ్చిన కానుక మామూలుగా అందులోకి రాదు. నగదు రూపంలో 2,000 మించితే అసలే రాదు. రీఫండులో వాటా ఇస్తే చాలు, మిగతాదంతా మేం చూసుకుంటామని లేని ఇంటి అద్దె, లేని విరాళాలు రాసి రిటర్ను వేసే ఏజెంట్లు ఊరూరా తయారయ్యారు. 2025 జూలైలో దేశమంతటా ఇలాంటివారి మీద శాఖ తనిఖీలు జరిపింది. రీఫండులో వాటా తిన్న ఏజెంటు జరిమానాలో వాటా పంచుకోడు, నోటీసు పాన్ కార్డు ఉన్నవారికే వస్తుంది. ఆడిటరుగారికి ఫీజు ఇవ్వండి, శాతం ఇవ్వకండి. ఆ ఖాతా మీ ఫోను నంబరుతో, మీ మెయిలుతోనే ఉండాలి.

ఆడిటరుగారి దగ్గరకు వెళ్లేటప్పుడు అన్ని బ్యాంకుల పాసుపుస్తకాలు, డిపాజిట్ బాండ్లు, పింఛను స్లిప్పులు, అమ్మిన భూముల దస్తావేజులు, వచ్చిన నోటీసులన్నీ తీసుకువెళ్లండి. ఇల్లాలి పేరున ఉన్న డిపాజిట్లు ఆమె ఆదాయమో, మీ ఆదాయమో తేలాలి గనుక ఆమెను కూడా వెంటబెట్టుకు వెళ్లండి. గడువు దగ్గరపడిన సంవత్సరాన్ని ముందు తేల్చమనండి. రిటర్ను పంపిన తరువాత కూడా ఒక పని మిగిలి ఉంటుంది, పల్లెల్లో తరచుగా తప్పేది అదే. పంపిన 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతోనైనా, సంతకం చేసిన కాగితం బెంగళూరు కేంద్రానికి పోస్టులో పంపైనా దాన్ని ధ్రువపరచాలి. లేకపోతే డబ్బు కట్టినా, ఫీజు ఇచ్చినా, ఆ రిటర్ను వేయనట్టే లెక్క. ధ్రువపరచినట్టు వచ్చిన రసీదును అచ్చు తీయించి, ఆ సంవత్సరం కాగితాలతో కలిపి కుట్టి ఉంచండి.